అరువు నడక

అప్పలనాయుణ్ణి ఆ రోజు కూడా పంది చంపేసింది.

"ఏడుకోటలు" అనే ఆన్‌లైన్ ఆటలో మొదటి కోట బయట తుప్పల్లో తిరిగే అడవిపంది అది. ఆట కొత్తగా మొదలుపెట్టిన స్కూలు పిల్లలు కూడా దాన్ని సులువుగా పడగొట్టేస్తారు. నాయుడి యోధుడు మాత్రం కత్తి సగం ఎత్తేలోపే అది వచ్చి కుమ్మేసేది. తెర ఎర్రబడేది. యోధుడు మళ్ళీ కోట గుమ్మం దగ్గర లేచి నిలబడేవాడు.

"ఎడం పక్కనుంచి వస్తంది మావా. సెప్తన్నాను కదా" అంది అతని భార్య కనకం. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, కొంగుతో అతని నుదురు తుడుస్తోంది.

"కనిపిస్తంది. సెయ్యి లెగట్నేదు" అన్నాడు నాయుడు.

చెయ్యి నిజంగానే లేవదు. గాజువాకలో ఇల్లు, రేవులో క్రేన్ నడిపే ఉద్యోగం. వానలో మోటారు సైకిలు జారి పడ్డ రోజున మెడలో వెన్నుపాము నలిగింది. అప్పటినుంచి మెడ కింద శరీరం అతని మాట వినడం మానేసింది. ఆస్పత్రుల వాళ్ళు ఇంక ఇంతే అన్నాక, మధురవాడ దాటాక కొండవాలులో ఉన్న ఈ నాడీ పరిశోధన కేంద్రానికి తీసుకొచ్చారు. ఇక్కడ తలకి ఒక పట్టీ కట్టారు. వెన్ను పొడవునా సన్నని కరెంటు పంపే బిళ్ళలు అంటించారు. నాయుడు చెయ్యి ఎత్తాలని గట్టిగా అనుకుంటే పట్టీ ఆ తలపుని పట్టుకుని ఆటలోని యోధుడికి అందిస్తుంది. యోధుడు చెయ్యి ఎత్తుతాడు. యోధుడికి "క్రేన్ నాయుడు" అని పేరు పెట్టింది కనకమే.

మర్నాడు పంది మళ్ళీ ఎడమనుంచే వచ్చింది. యోధుడు నడుం తిప్పాడు. కత్తి దిగింది. పంది పక్కకి ఒరిగిపోయింది. తెరమీద బంగారు రంగు వెలుగు లేచి, లెవెల్ పెరిగిందని గంట మోగింది. అదే క్షణంలో బిళ్ళల్లోంచి సన్నని ఝల్లు నాయుడి వెన్నులోకి పాకింది.

దుప్పటి మీద అతని కుడిచేతి బొటనవేలు కదిలింది.

కనకం అరవలేదు. ఆ వేలునే చూస్తూ కూర్చుంది. తరవాత లేచివెళ్ళి డాక్టర్ సువర్చల చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఆ పట్టీని తయారుచేసింది సువర్చలే. నలభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, తల్లితో ఉంటుంది. రోగుల దగ్గర నేలమీదైనా కూర్చుని మాట్లాడుతుంది. అందుకే కనకం ఆవిణ్ణి ఏదైనా అడగగలిగేది.

"బాణాలేసీవోడున్నాడు, మంత్రాలేసీవోడున్నాడు. దూరంనుంచి కొట్టుకోకుండా, మరీ మీదకెళ్ళి దెబ్బలు తినడమెందుకు మేడమ్?"

"మంత్రం వేసేవాడికి వేళ్ళు చాలు కనకమ్మా. మీదకెళ్ళి కొట్టేవాడికి పాదం దగ్గర్నుంచి మెడదాకా అన్నీ కదలాలి. చస్తానేమో అన్న భయం ఉండాలి, గెలిచానన్న సంతోషం ఉండాలి. ఆ సంతోషం కలిగినప్పుడే మెదడు కొత్త దారి వేస్తుంది. లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఆ దారిని మేం కాస్త గట్టిపరుస్తాం."

"మరి ఆ కత్తి తిప్పడం అదీ యోదుడికి ఎవరు నేర్పినారు?"

సువర్చల తెరవైపు చూసింది. "మా తమ్ముడు విరించి. కర్రసాము నేర్పేవాడు. మొహంతో సహా ఒళ్ళంతా సెన్సర్లు తగిలించి, వాడు నడిచినా పరిగెత్తినా కొట్టినా, తిన్నా నవ్వినా అంతా రికార్డు చేశాం. ఆ కదలికలే యోధుడివి."

"ఇప్పుడేటి సేస్తన్నాడమ్మా?"

"లేడు. డెంగ్యూ వచ్చింది."



నాయుడి యోధుడు పందులనుంచి తోడేళ్ళకి, తోడేళ్ళనుంచి బందిపోట్లకి వచ్చాడు. ఆటలో అతనికి స్నేహితులు దొరికారు. ఒంగోలు కుర్రాడొకడు, కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ, ఇంకెవరెవరో. రాక్షసుల మీదకి గుంపుగా వెళ్ళినప్పుడు డాలు పట్టుకుని అందరికంటే ముందు నిలబడేది అతనే. "క్రేన్ బాబాయ్ ముందుంటే మనకి దెబ్బ తగలదు" అనేవాళ్ళు. అతను మంచం మీదనుంచి ఆడుతున్నాడని వాళ్ళకి తెలియదు. తెలియకపోవడం అతనికి బాగుండేది.

లెవెల్ పెరిగేకొద్దీ శరీరం ముక్కలు ముక్కలుగా తిరిగొచ్చింది. మోచెయ్యి వంగింది. నడుం నిలిచింది. ఒక మధ్యాహ్నం కనకం ముద్ద కలిపి నోటిదగ్గర పెట్టబోతే, ఆమె చేతిలోంచి తీసుకుని తనే తిన్నాడు. కనకం మొహం తిప్పుకుంది. వార్డులో మిగతావాళ్ళు చూస్తున్నారని ఆమెకి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

నాలుగో కోట గెలిచిన వారంలో నాయుడు లేచి నడిచాడు.

వ్యాయామశాలలో రెండు ఇనుప కడ్డీల మధ్య మొదలుపెట్టి, కడ్డీలు వదిలేసి, అవతలి గోడదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అద్దాల గోడకి ఇవతల నిలబడ్డ సువర్చల చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది.

కుడి పాదాన్ని కాస్త బయటికి తిప్పి వేస్తున్నాడు. మలుపు తిరిగేటప్పుడు ముందు ఎడమ భుజం తిరిగింది, దాని వెనక మనిషి తిరిగాడు. ఆగేముందు మడమని ఒకసారి నేలకి రాశాడు. బొద్దుగా, పొట్టిగా, సగం తల నెరిసిన ఆ మనిషి, సన్నగా పొడుగ్గా ఉండే విరించిలా నడుస్తున్నాడు.

సువర్చల కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

కత్తి దెబ్బలకోసం రికార్డు చేసిన కదలికలవి. వాటితో నరాలకి ఊతం దొరికాక, ఎవరి నడక వాళ్ళకి తిరిగొస్తుందనే ఆవిడ లెక్క. కొత్త కాలవలో పారిన నీళ్ళు పాత కాలవలో కలుస్తాయనుకుంది. ఆ రాత్రికే నాయుడి మెదడు చిత్రాలన్నీ వరసగా పెట్టుకు చూసింది. కొత్త దారులు లెవెల్ లెవెల్‌కీ వెడల్పవుతున్నాయి. పాత దారులు, నలభై ఆరేళ్ళు అతను బతికిన దారులు, ఎండిపోతున్నాయి.

తల్లికి ఈ సంగతి చెప్పలేదు. విరించి పోయాక రాజ్యలక్ష్మిగారు ఇల్లు దాటి పెద్దగా బయటికి రావడంలేదు. ఏం చెప్పాలో కూడా సువర్చలకి తోచలేదు.

నాయుడు ఇంటికి వెళ్ళాడు. రోజూ కాసేపు పట్టీ పెట్టుకుని ఆడాలని, నెలకోసారి వచ్చి చూపించుకోవాలని చెప్పి పంపారు. కాలనీ వాళ్ళు దండ వేశారు. నెల తిరక్కుండానే కనకం ఒక్కతే వచ్చింది.

"బాగా నడుస్తన్నాడమ్మా. నాను కాదన్ను. పరిగెడతన్నాడు కూడా." ఆమె మాట వెతుక్కుంటూ చేతుల్లోని సంచి నలిపింది. "గానీ కాళ్ళు మడిచి కింద కూకోనేడు. చేపల పులుసు కలుపుకుంటే ఎవురో బడిపంతులు కలుపుకున్నట్టు కొనవేళ్ళతో కలుపుతన్నాడు. పిలిస్తే తల ఒంచి ఒక పక్కకి సూస్తాడు. అలగ ఎప్పుడూ సూసీవోడు కాదు. రేతిరి పక్కన పడుకుంటే..."

ఆగింది.

"చెప్పు కనకమ్మా."

"పరాయోడు పడుకున్నట్టుంటంది మేడమ్. నాకు బయమేస్తంది. ఎవురికి సెప్పినా నవ్వుతారు. మొగుడు లేచి నడిస్తే ఏడిసే ఆడదాన్ని నన్నే సూస్తన్నారు."

తరవాత వారం నాయుడు వచ్చాడు. పరీక్షలన్నీ అయ్యాక, చొక్కా గుండీలు పెట్టుకుంటూ చెప్పాడు.

"రేవుకి ఎల్లాను మేడమ్. మావోళ్ళు క్రేనెక్కించినారు. ఇరవయ్యేళ్ళు ఆ పిడులు పట్టుకున్న సేతులివి. ఓడలోంచి పెట్టె తీసి లారీమీద పెడితే సప్పుడయ్యేది కాదు. ఇప్పుడు పిడి పట్టుకుంటే సేతికి ఏటీ తెలీనేదు. కర్ర పట్టుకున్నట్టు పట్టుకుంది." కొంచెం సేపు వేళ్ళవైపు చూసుకున్నాడు. "గెడ్డం గీసుకుంటంటే అద్దంలో నా మొకం మీద ఎవడో నవ్వుతన్నాడు. నాను నవ్వలేదు."

సువర్చల అతనికి అంతా చెప్పింది. ఆ నవ్వు ఎవరిదో కూడా చెప్పింది. నాయుడు చాలాసేపు విని, "మంచి కుర్రోడేనా?" అని అడిగాడు.

"చాలా మంచివాడు."

"అయితే కోపమెవరి మీద పెట్టుకోను?" అన్నాడు.

ఆ రోజే సువర్చల టిఫిన్ డబ్బా ఇంట్లో మరిచిపోయింది. రాజ్యలక్ష్మిగారు చాలాకాలం తరవాత ఆటో కట్టించుకుని బయల్దేరారు. కేంద్రం వరండాలో బల్లమీద కూర్చుని కూతురికోసం ఎదురుచూస్తుంటే, వెనకనుంచి అడుగులు వినిపించాయి. ఆగేముందు మడమ రాసిన చప్పుడు.

"విరీ" అన్నారావిడ, తల తిప్పకుండానే.

తిప్పి చూస్తే చారల చొక్కాలో ఎవరో నడివయసు మనిషి. అతను ఏం చెయ్యాలో తెలియక చేతులు జోడించాడు. ఆవిడ మొహంలో ఆశ పోలేదు. ఇంకొంచెం నడవమని అడిగారు. నాయుడు వరండా చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాడు. బయటికి వచ్చిన సువర్చల, తల్లి మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

అప్పటినుంచి నాయుడు వచ్చే ప్రతిసారీ రాజ్యలక్ష్మిగారు వచ్చేవారు. పులిహోరో, పెసరట్లో ఏదో ఒకటి తెచ్చేవారు. అతను తింటుంటే చూడరు. తిని లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళేటప్పుడు చూస్తారు. తల్లి మళ్ళీ తల దువ్వుకోవడం, ఇస్త్రీ చీర కట్టుకోవడం సువర్చల గమనించింది. రావద్దని మాత్రం అనలేకపోయింది.

ఆట చివరికొస్తోంది. ఏడో కోట ఇంకా మిగిలింది. చివరి లెవెల్ దాటితే దారులు గట్టిపడిపోతాయి, ఆ తరవాత పట్టీ అక్కర్లేదు, మార్చడానికీ ఉండదు. ఈలోగా ఒకటే మార్గం ఉంది. ఈ యోధుణ్ణి తొలగించి, నాయుడి సొంత కదలికలతో కొత్త యోధుణ్ణి చెయ్యడం. రేవు కార్మికుల పిక్నిక్కులో నాయుడు వాలీబాల్ ఆడిన వీడియో కనకం దగ్గర ఉంది. అందులోంచి కొంత, ఆమె చెప్పినదాన్నిబట్టి కొంత తయారు చెయ్యచ్చు. కానీ ఊతం ఆగితే వచ్చిన కదలిక మొత్తం పోతుంది. మళ్ళీ మెడ కింద ఏమీ ఉండదు. మళ్ళీ మొదటి లెవెల్. ఈసారి ఎంతదాకా వస్తాడో తెలియదు. విరించి కదలికలంత స్పష్టంగా ఆ వీడియో లేదు.

ఒక మధ్యాహ్నం సువర్చల ఈ సంగతులన్నీ నాయుడికీ కనకానికీ తన గదిలో చెప్పింది. రాజ్యలక్ష్మిగారు మూల కుర్చీలో ఉన్నారు. వెళ్ళమని ఎవరూ అనలేదు.

ముందు మాట్లాడింది ఆవిడే. "నడిచే మనిషిని ఎందుకమ్మా పడుకోబెట్టడం? ఆయన నడుస్తున్నాడు. నేను వింటున్నాను. ఇందులో ఎవరికి నష్టం?"

"నాకమ్మా" అంది కనకం.

గట్టిగా అనలేదు. రాజ్యలక్ష్మిగారు ఆమెని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"మీ అబ్బాయి పోయినాడని మీకు తెలుసు. ఏడిసినారు. నా మొగుడు నా ఇంట్లోనే పోతన్నాడు, రోజుకింత. నాను ఏడిస్తే తప్పంటన్నారు."

 తల్లి వైపు చూడలేక, కనకం వైపు చూడలేక, సువర్చల నాయుడి వైపు చూసింది.

"మళ్ళీ పడిపోతే నువ్వే ఎత్తాలి. ఈసారి లెగుస్తానో లెగనో" అన్నాడు నాయుడు భార్యతో.

"ఎత్తుతాను."

"ఒంటికీ రెంటికీ నువ్వే."

"ఇంతకుముందు సేసిందెవరు?"

నాయుడు తల ఊపాడు. "తీసెయ్యండి మేడమ్. ఇంకో కుర్రోడి బతుకు నాకెందుకు."

రాజ్యలక్ష్మిగారు లేచి వెళ్ళబోయారు. గుమ్మందాకా వెళ్ళి తిరిగొచ్చి, నాయుడి ముందు నిలబడ్డారు. "నాయనా, ఒక్కసారి మా ఇంటికి వస్తావా? మూడో అంతస్తు. మెట్లెక్కి రావాలి."

యోధుణ్ణి తీసెయ్యాలనుకున్న రోజు పొద్దున్న నాయుడు వెళ్ళాడు. సువర్చల, కనకం కింద గేటు దగ్గరే ఉండిపోయారు. లిఫ్ట్ ఉన్నా అతను మెట్లే ఎక్కాడు. పైన తలుపు వేసే ఉంది. లోపల రాజ్యలక్ష్మిగారు తలుపుకి చెంప ఆనించి నిలబడ్డారు. కాలేజీనుంచి, కర్రసాము తరగతుల్లోంచి, స్నేహితుల ఇళ్ళనుంచి వచ్చిన అడుగులు అవే మెట్లమీద అలాగే ఎక్కాయి. మలుపు దగ్గర ఒక అడుగు దాటేశాయి. తలుపు ముందు మడమ రాసుకుంది.

నాయుడు బెల్లు కొట్టలేదు. నెమ్మదిగా అన్నాడు.

"అమ్మా, నాను అప్పలనాయుణ్ణి."

"తెలుసు నాయనా" అన్నారు లోపల్నుంచి. చాలాసేపటికి తలుపు తీశారు. కళ్ళు తుడుచుకోలేదు. లోపలికి రమ్మని, కాఫీ ఇచ్చి, దిగేటప్పుడు మాత్రం లిఫ్టులో వెళ్ళమన్నారు.

ఆ సాయంత్రం నాయుడు ఆటలోకి వెళ్ళి స్నేహితులకి చెప్పాడు, యోధుణ్ణి తీసేస్తున్నానని. వాళ్ళు నమ్మలేదు. ఇంత పెద్ద లెవెల్‌కి తెచ్చి ఎవరైనా తీసేస్తారా బాబాయ్ అన్నారు. ఏడో కోట గెలిచాక తీసెయ్యి, కనీసం ఆ కిరీటం చూడు అన్నారు. ఒంగోలు కుర్రాడు అలిగి వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చాడు. చివరికి అందరూ కోట బురుజు మీద కత్తులు దించి వరసగా నిలబడ్డారు. క్రేన్ నాయుడు వాళ్ళ ముందునుంచి నడిచి వెళ్ళి, డాలు నేలమీద పెట్టాడు. నాయుడు బొత్తాం నొక్కాడు. బురుజు మీద ఖాళీ చోటు మిగిలింది.

నడక ఒక్కసారిగా పోలేదు. మొదటి రోజు మోకాళ్ళు వణికాయి. తరవాత కర్ర కావలసివచ్చింది. తరవాత కనకం భుజం. వారం దాటేసరికి వేళ్ళు కూడా ఆగిపోయాయి. కనకం ముద్ద కలిపి నోటిదగ్గర పెడితే తింటూ, కళ్ళు మూసుకున్నాడు. 

కొత్త యోధుడు చాలా నెమ్మది. లావుగా, కాళ్ళు ఎడంగా వేసి నిలబడేవాడు. కత్తి తిప్పితే పాతవాడి ఒడుపు లేదు. పందులతోనే ఒక కాలం గడిచిపోయింది. వానాకాలం వెళ్ళేసరికి నాయుడికి కుడి చెయ్యి, సగం ఎడమ చెయ్యి, నడుం తిరిగొచ్చాయి. అక్కడ ఆగిపోయింది. ఎన్ని లెవెల్స్ పెరిగినా కాళ్ళకి ఏమీ అందలేదు. వీడియోలో కాళ్ళు సరిగా కనపడలేదని, ఇంక రాకపోవచ్చని సువర్చల చెప్పినప్పుడు అతను ఆవిణ్ణే ఓదార్చవలసివచ్చింది.

చక్రాల కుర్చీలో ఇంటికి వెళ్ళే రోజున కనకం అడిగింది, "పొరపాటు సేసినామా మావా?"

"నడిసినన్నాళ్ళూ అందరూ ఆ నడకనే సూసీవోరు. నన్నెవరూ సూడనేదు" అన్నాడు. కాసేపటికి, "నడిస్తే బాగానే ఉండేది" అని కూడా అన్నాడు. ఆమె కుర్చీ తోసింది.

వాళ్ళు వెళ్ళాక కేంద్రం డైరెక్టరు పరాంకుశం సువర్చలని పిలిచాడు. కొత్త రోగులు ఎదురుచూస్తున్నారు. పాత యోధుడితో అయితే నెలల్లో లేచి నడుస్తారు. సొంత కదలికలతో అయితే సగం మంది కుర్చీల్లోనే ఉంటారు. నడక ఎవరిదైతేనేం, నడవడం ముఖ్యం కదా, పాతదే వాడదాం అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ మాటలో నిజం ఉందని సువర్చలకి తెలుసు. ఆలోచిస్తానని చెప్పి తన గదికి వచ్చింది.

రికార్డు చేసిన విరించి తెరమీద ఉన్నాడు. రూపం లేదు, బట్టలు లేవు, చుక్కల్ని కలిపిన గీతలు మాత్రమే. ఆ గీతలు నడిచాయి, తిరిగాయి, కర్ర తిప్పాయి. చివర్లో రికార్డింగు అయిపోయిందనుకుని అక్కవైపు చూసి చెయ్యి ఊపాయి. సువర్చల అదంతా ఒకసారి చూసింది. తరవాత మూలప్రతి చెరిపేసింది. నకళ్ళు చెరిపేసింది. పొద్దున్న పరాంకుశానికి ఆ సంగతి తనే చెప్పి, రాజీనామా ఇచ్చింది.

ఇంట్లో చెప్పడానికి కొన్నాళ్ళు పట్టింది. ఒక సాయంత్రం రాజ్యలక్ష్మిగారు వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తనే అడిగారు.

"వాడి రికార్డింగు ఉంది కదే. ఎప్పుడైనా ఒకసారి చూపిస్తావా?"

"లేదమ్మా. చెరిపేశాను."

"మొత్తమా?"

"మొత్తం. ఉంటే ఇంకొకరికి పెట్టేవాళ్ళు. ఇంకో కనకం వచ్చేది."

ఆవిడ చేతిలో ఉన్న కాయ ఈనె తీసి, తుంచి, గిన్నెలో వేశారు. మిగతావన్నీ కూడా అలాగే తీశారు. తీసిన ఈనెలు కాగితంలో చుట్టి పారేసి, చెయ్యి కడుక్కుని వచ్చారు.

"మంచి పనే చేశావు" అన్నారు.

కూర వండి, కూతురికి వడ్డించారు. తను మాత్రం ఆ పూట అన్నం తినలేదు.